ఒకే నది, అన్ని గోడలకీ

మా చిన్న మావయ్య పోయాడన్న కబురు నాకు ఏడుపులా రాలేదు, ఆర్డరులా వచ్చింది. పొద్దున్నే అత్త ఫోన్ చేసి, "అమ్మీ, మీ మావ ఎలిపోనాడే. బేనర్‌కి మంచి ఫొటో ఏదైనా ఉన్నాదేటి నీకాడ? మా ఫోన్లో ఉన్నయ్యన్నీ దగ్గుతన్నట్టే ఉన్నాయి" అంది. ఆ తర్వాత ఏడ్చింది. గరివిడిలో ఫ్లెక్సీల షాపు నడిపిన మనిషి ఇంట్లో ఆ వరస తప్పేమీ కాదు. సాయంత్రంలోగా జంక్షన్లో బేనర్ కట్టకపోతే మనిషి పోయినట్టు ఊరు ఒప్పుకోదు.

ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని ఇంట్లోవాళ్లు అడిగారు. మంచి మాటలు ఆయనకి గిట్టవు. నాతో ఆయన మాట్లాడిన మాటల్లో సగం తిట్లు, మిగతా సగం తిట్లకంటే ఘోరం. అయినా ఈ రోజు నేను బొమ్మలు వేసి బతుకుతున్నానంటే ఆయన షాపులోని పాత కంప్యూటరే కారణం. ఆ కృతజ్ఞతని, ఆ కోపాన్ని విడదీసి చెప్పడం నా వల్ల కాదు. రెండూ కలిపే రాస్తాను.

షాపు చిన్న గది. అందులో సగం ప్రింటింగు మిషను, మిగతా సగం రంగుల వాసన. ఫ్యాక్టరీ నుంచి వచ్చే నల్లటి దుమ్ము పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ ఉండేది. ఆయన దగ్గర నాలుగు నమూనాలు ఉండేవి. నాయకుడి పుట్టినరోజు, పెళ్లి, పుష్పవతి, చావు. మండలంలో ఏ ఇంట్లో ఏం జరిగినా ఆ నాలుగింటిలో ఒకదానిలోకి దూరాల్సిందే. ఇంటర్ సెలవుల్లో మా అమ్మ నన్ను కంప్యూటర్ నేర్చుకోమని ఆయన దగ్గర కూర్చోబెట్టింది. మొదటిరోజే పాఠం మొత్తం చెప్పేశాడు.

"బతికున్నోడికి ఎర్ర రంగు, పోయినోడికి నీలం రంగు. ఇంతకుమించి ఏటీ నేదు గుంటా."

చావు బేనర్లో నీలం ఆకాశం, రెండు దీపాలు, కింద ఒక తామర పువ్వు, ఫొటో వెనక మబ్బులు. ఏ ఊళ్లో ఎవరు పోయినా అవే మబ్బులు. కాలేజీలో ప్రోగ్రాం రాయడం నేర్చుకున్నాక నాకు ఆ మబ్బుల మీద విసుగు పుట్టింది. ప్రతిసారీ కొత్తగా, ఇదివరకు రానట్టుగా మబ్బులు పేర్చే చిన్న ప్రోగ్రాం ఒకటి రాసి, ఆయనకి చెప్పకుండా చావు నమూనాలో పెట్టాను. కొన్ని కుటుంబాలు తమ మనిషిని ఆ కొత్త ఆకాశం కింద పెట్టుకుని ఏడ్చాయి. ఎవరూ గమనించలేదు. ఒకరోజు మిషన్లోంచి బేనర్ బయటికి వస్తుంటే మావయ్య సగంలోనే ఆపేశాడు.

"మబ్బు జరిగినాదేటే?"

చెప్పాను. ఓపిగ్గా మొత్తం విన్నాడు. విని నెత్తిమీద ఒక్కటి మొట్టాడు.

"సూడనోల్లకి సెయ్యడం అలవాటైపోతాది నీకు. తాగుడైనా మానిపించొచ్చు, ఇది మానిపించలేం" అని పాత మబ్బులే పెట్టించాడు.

నా పని మీద వచ్చిన మొదటి విమర్శ అది. అంత శ్రద్ధగా చూసి తిట్టినవాళ్లు ఆ తర్వాత ఎవరూ దొరకలేదు.

ఆయనకి ఇంకో అలవాటు ఉండేది. దినాలు అయిపోయాక చావు బేనర్లు ఎవరికీ గుర్తుండవు. ఆయన సైకిలు మీద తిరిగి వాటిని స్తంభాల నుంచి ఊడదీసి, చుట్టచుట్టి, పట్టాల పక్క గుడిసెలవాళ్లకీ మేకల పాకలకీ ఇచ్చేసేవాడు. బొమ్మ లోపలికి, తెల్లటి వైపు ఆకాశానికి. మేకలు ఎవరో ఒక పెద్దమనిషి మొహం కింద పడుకునేవి. "ఇప్పటికి పనికొచ్చినాడు" అనేవాడు ఆ పెద్దమనిషి గురించి. ఆయన ఎవరి చావుకీ ఏడవగా నేను చూడలేదు.

నేను విశాఖపట్నంలో ఉద్యోగం మానేసి బొమ్మలకే కూర్చున్నప్పుడు చుట్టాలంతా పెళ్లి మాట ఎత్తారు. "దానికి కంప్యూటర్‌తో అయిపోనాది, మీకు బోయినాల కబురు పెట్టనేదా?" అన్నాడు మావయ్య. అందరూ నవ్వారు, నాకు ఏడుపొచ్చింది. కానీ ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నా పని గురించి తెలియనివాళ్లకి ఒక ముక్క చెప్పాలి. నేను బొమ్మ గీయను, బొమ్మకి నియమాలు రాస్తాను. గీత ఎక్కడ మొదలవ్వాలి, ఎంత వంగొచ్చు, పక్క గీతని తగలొచ్చా అన్నది నేను చెబుతాను. ఏ చోట ఎటు తిరగాలన్నది కంప్యూటర్ చీట్లు వేసినట్టు తేల్చుకుంటుంది. కాబట్టి ఒకే నియమాలతో ఎన్ని బొమ్మలు వచ్చినా ఏ రెండూ ఒకలా రావు. నేను ఎన్నుకున్నది నాగావళి. వరద వచ్చి వెళ్లిన ప్రతిసారీ ఇసుకలో నది కొత్తగా దారి వెతుక్కుంటుంది కదా, ఆ దారులు. ఒక గది నిండా నదులు, అన్నీ చుట్టాలు, ఏదీ ఇంకోదానిలా ఉండదు. దాన్ని మావాళ్లకి చూపించాలని నా పట్టుదల. అది తప్ప అప్పట్లో నాకు ఇంకో బతుకు లేదు.

మా వైపు బొమ్మల కోసం హాళ్లు లేవు, పెళ్లిళ్ల కోసమే ఉన్నాయి. శ్రీకాకుళంలో ఒక ఫంక్షన్ హాలు పై అంతస్తు మూఢంలో ఖాళీగా ఉంటే మాట్లాడుకున్నాను. మూఢంలో మంచి పని పెట్టుకోకూడదు కదా అని అమ్మ సందేహించింది.

"మంచి పని గాదు గదా అప్పా, పర్నేదు" అన్నాడు మావయ్య వాళ్లక్కతో.

బొమ్మలు తానే ప్రింటు చేస్తానన్నాడు. నేను మంచి కాగితం మీద వెయ్యాలనుకున్నాను. "కాయితం తడిస్తే పోతాది. నా బేనర్ ఎనక్కి తిప్పితే వాన ఆగుతాది. నీ బొమ్మకి ఏటి ఆగుతాదే?" అన్నాడు. ఫైళ్లన్నీ ఇచ్చేశాను.

ప్రదర్శన రోజు పొద్దున ఫ్లెక్సీ చుట్టలు భుజాన వేసుకుని చీపురుపల్లి మీదుగా బస్సులో వచ్చాడు. మొదటి చుట్ట విప్పాను, బాగుంది. రెండోది విప్పాను. మూడోది. నాలుగోది విప్పి మొదటిదాని పక్కన పరిచాను. అన్నీ ఒకటే. ఒకే నది, అదే మలుపు, అదే ఇసుక తిన్నె, గది నిండా.

"ఏటి సేసినావు మావా?"

"ఒక మనిషికి ఒకటే మొకం. పుట్టినరోజు బేనర్ జంక్షన్‌కో రకంగా ఏస్తారేటి? ఫైళ్లు తెరిస్తే అన్నీ ఒకలాగే ఉన్నాయి, ఏదో ఒకటి సరిపోద్దనేసి అదే ఏసినాను" అన్నాడు వక్కపలుకు నములుతూ. గరివిడి వెళ్లి మళ్లీ వేయించుకొచ్చే వ్యవధి లేదు. కింద అప్పటికే జనం చెప్పులు విప్పుతున్నారు. "ఏలాడదీ. ఎవులికీ తెల్దు" అన్నాడు.

వేలాడదీశాను. గుమ్మంలో నేను పెట్టిన అట్ట మీద 'ఇక్కడ ఏ రెండు బొమ్మలూ ఒకలా ఉండవు' అని రాసి ఉంది. తీసేయబోతే ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఉండనీ. సూద్దుం" అన్నాడు.

ఆ రోజు నేను చూసినంత క్రూరత్వం మళ్లీ చూడలేదు. ఎవరూ ఏమీ చెయ్యలేదు, అదే క్రూరత్వం. జనం వరసగా ఒక్కో బొమ్మ ముందూ ఆగారు, తలలు వంచారు, ముందుకు జరిగారు. అట్ట చదివి, అబ్బా ఎంత తేడా చూపించావు అన్నారు. నాతో పనిచేసినవాడు ఒకడు కిటికీ పక్కదానిలో శాంతం ఉందని, గుమ్మం పక్కదానిలో కోపం ఉందని చెప్పాడు. మావయ్య చేతులు వెనక్కి కట్టుకుని పెళ్లిపెద్దలా వాళ్ల మధ్య తిరిగాడు. ప్రతి ఒక్కరినీ ఎంతో మర్యాదగా అడిగాడు.

"బాబూ, వీటన్నిట్లోకీ మీకు ఏది నచ్చినాది?"

అందరూ ఏదో ఒకటి చూపించారు. మా పెద్దమ్మ, "ఆ మూలది బాగున్నాదిరా తమ్ముడా. మిగతావి కూసింత గజిబిజిగా ఉన్నాయి" అంది. ఆయన తల ఊపి నా వైపు చూశాడు. నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

సాయంత్రం బొమ్మలు దించుతూ అడిగాను. "కావాలనే సేసినావా?"

"కావాలని సేస్తే ఇంతకన్నా బాగా సేద్దును. నువ్వు ఏరేరుగా ఏసినా ఆల్లు ఇలగే సూద్దురు. ఈ పొద్దు తెలిసినాది నీకు, అంతే."

చుట్టలన్నీ మళ్లీ భుజాన వేసుకుని గరివిడి తీసుకెళ్లి షాపు అటక మీద పడేశాడు. నేను మళ్లీ ప్రదర్శన పెట్టలేదు. బొమ్మలు మాత్రం మానలేదు. ఆయన ముందే చెప్పాడు కదా, అది మానే అలవాటు కాదని.

కిందటి నెల విజయనగరంలో ఆసుపత్రిలో ఉన్నప్పుడు చూడ్డానికి వెళ్లాను. ఏళ్లపాటు రంగుల వాసన పీల్చిన ఊపిరితిత్తులు. మాటకీ మాటకీ మధ్య దగ్గు. నాకు ఆ రోజు సంగతి ఇంకా మంటగానే ఉంది, జాలి వేసినా దాన్ని దాచుకోలేకపోయాను. "జరిగిన మబ్బుని పట్టుకున్నోడివి, నదుల్లో తేడా కనపడలేదంటే నేను నమ్మను" అన్నాను.

ఆయన చాలాసేపు దగ్గాడు. తర్వాత అన్నాడు.

"ఎందుకు కనపడదే? రెండు రోజులు షాపు మూసీసి అన్నీ తెరిసి సూసినాను. ఒకటే బాగున్నాది. మిగతాయి ఏసి నీ పరువు నాను తియ్యాలా?"

ఇంటికొచ్చి ఫైళ్లు తెరిచాను. తెలియక వేసి ఉంటే మొదటి ఫైలు వేసి ఉండాలి. ఆయన వేసింది వరసలో ఎక్కడో మధ్యది. అన్నాళ్లూ కోపంలో నేను అది కూడా చూసుకోలేదు. దాన్ని మిగతావాటి పక్కన పెట్టి చూశాను. ఆయన అన్నది నిజం. ఆ ఒక్కటే నది. మిగతావి గీతలు. నా బొమ్మల్ని చివరిదాకా చూసిన మనిషి ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడూ ఒక్కదాన్ని మిగిల్చి అన్నిటినీ చంపేశాడు. నాకు సంతోషమేసింది. ఆయన మీద అసహ్యమూ వేసింది. చెప్పుకోవడానికి ఎవరూ లేకపోయారు.

ఆసుపత్రి నుంచి వచ్చేస్తుంటే గుమ్మం దగ్గర వెనక్కి పిలిచి ఇంకొకటి అన్నాడు. "నా బేనర్ నువ్వు సెయ్యకు. మబ్బులు కెలుకుతావు."

చేశాను. అత్త అడిగితే కాదనలేదు. ఫొటో నా దగ్గరే ఉంది, షాపు గుమ్మంలో ఎవరినో కసురుతున్నది. నీలం ఆకాశం, రెండు దీపాలు, తామర పువ్వు, అన్నీ ఆయనవే. ఎడమ చెవి వెనక ఒక్క మబ్బు మాత్రం మార్చాను. ఇంతవరకు ఎవరికీ రానిది, ఇకముందు ఎవరికీ రాబోనిది. జంక్షన్లో కట్టాక కింద నిలబడి చూశాను. దినాలన్నీ అయ్యేవరకు ఊరంతా ఆ బేనర్ కింద నుంచే తిరిగింది. పట్టుకుని మొట్టాల్సిన మనిషి బేనర్ లోపల ఉన్నాడు.

పెద్దకర్మ రోజు భోజనాలకి కూర్చునే వేళకి వాన మొదలైంది. షామియానా కారడం మొదలెట్టింది. వరండాలోంచి అత్త కేక వేసింది.

"ఒరే, అటక మీద బేనర్లున్నాయి, కట్టండిరా. మీ మావే ఉంటే ఈపాటికి కట్టించీసును."

బొమ్మ లోపలికి, తెల్లటి వైపు వానకి. అలవాటైన చేతులు, నిమిషాల్లో కట్టేశారు. నా నదులన్నీ, అంటే ఆ ఒక్క నదే, విస్తళ్ల మీద వరసగా పరుచుకుంది. చివర్లో వంట దగ్గర కొంచెం జాగా మిగిలిపోయింది. అత్త ఆ జాగా వైపు చూసి, "జంక్షన్లో ఆయన్ది కూడా ఇప్పుకొచ్చీండి" అంది. తెచ్చి కట్టారు. కసురుతున్న మొహం నేరుగా సాంబారు గిన్నె మీదికి వచ్చింది.

మా పెద్దమ్మ ప్రదర్శనలో తనకి నచ్చిన నది కిందే కూర్చుంది, ఎక్కడ కూర్చున్నా అదే కదా. ఒక్కసారి తల ఎత్తితే చాలు. ఎత్తలేదు. "సారు ఇలగట్రా బాబూ" అని చారు వడ్డించేవాణ్ణి పిలిచింది. వందమంది తింటున్నారు, ఎవరూ పైకి చూడలేదు. నేను చూశాను. నీళ్లు ఆయన బేనర్ కడుపులో నిండి, బుగ్గ ఉబ్బి, ఆయన ఎవరినో తిట్టబోతున్నట్టు ఉన్నాడు. వంటవాడు గరిట కాడతో కింద నుంచి పొడిచాడు. నీళ్లు ఆయన మొహం మీంచి, చెవి వెనక మబ్బు మీంచి నా నది మీదికి జారాయి. అక్కడ నిలిచి, బరువెక్కి, పక్క నది మీదికి జారాయి. అలా ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి, అదే మలుపు మళ్లీ మళ్లీ తిరిగి, పందిరి చివర్న నేల మీద పడ్డాయి. విస్తళ్లలో ఒక్క చుక్క పడలేదు.