తొమ్మిది సీట్ల విమానం, ఒక ఆటో

కరోనా రెండో ఏడు సూరత్ నుంచి సౌరాష్ట్రకు తొమ్మిది సీట్ల విమానం మొదలైంది. ఊరి బయట పల్సానాలో బట్టల మిల్లు కూలీల బస్సు నడిపే మా బామ్మర్ది ఆ పని వదిలేసి, సూరత్ విమానాశ్రయం దగ్గర ఆటో పెడతానన్నాడు. సీట్లు నిండకపోతే చిన్న విమానాలు ఎక్కువ కాలం నిలవవని నేను లైబ్రరీలో చదివాను. అందుకే అనుమానంతో, ముందు ఒకసారి చూద్దామని అతన్ని వెంటబెట్టుకుని వెళ్లాను.

సౌరాష్ట్ర నుంచి విమానం నిండుగా వచ్చింది.

"ఏంది బావా, నీ పుస్తకం గిట్ల మోసం జేసింది?" అని నవ్వాడు.

దిగినవాళ్లలో ఎనిమిది మందిని సూరత్‌లో ఉండే చుట్టాలే బైకుల మీద ఎక్కించుకుపోయారు. సౌరాష్ట్రవాళ్లు ఇంటికొచ్చే మనిషిని కిరాయి బండి ఎక్కనివ్వరని ఏ పుస్తకంలోనూ లేదు. తొమ్మిదో ఆయన సిటీ బస్సు ఎక్కడ ఆగుతుందని మమ్మల్నే అడిగాడు.

"జర జల్ది నడువ్ బావా," అన్నాడు బామ్మర్ది. "రెండో షిఫ్టుకు మిల్లు బస్సు తియ్యాలె."