అట్టలో లేని బొమ్మ

నాకు మాట రాదు. ట్యాబ్‌లో టైపు చేస్తే నా బదులు అది పలుకుతుంది. మాట రాని పిల్లలతో ఎలా మెలగాలో చెప్పడానికి ఇవాళ కూకట్‌పల్లిలో ఒక బీఎడ్ కాలేజీకి వెళ్లాను. అరగంట ఎవరూ నోరు విప్పకూడదని, నేనిచ్చిన బొమ్మల అట్ట మీద వేలు పెట్టే ఏదైనా చెప్పుకోవాలని నియమం పెట్టాను.

పది నిమిషాలకు శ్రావణి అనే అమ్మాయి ‘నీళ్లు’ బొమ్మను గబగబా పొడవసాగింది. పక్కమ్మాయి సీసా ఇస్తే తోసేసి, మళ్లీ అదే బొమ్మ చూపించింది. అందరూ నవ్వారు. ఆమె పెదవులు నల్లబడటం నాకు కనిపించింది. అరవలేను. టైపు చేయబోతే వేలు మూడుసార్లు జారింది. చివరికి నా ట్యాబ్, మెట్రోలో స్టేషన్ పేరు చెప్పినంత తీరిగ్గా, “ఆమెకు ఊపిరాడటం లేదు” అంది.

ఎవరో ఆమె బ్యాగులోంచి ఇన్‌హేలర్ తెచ్చారు. తేరుకున్నాక, “ముందే ఎందుకు చెప్పలేదమ్మా?” అని అడిగాను.

“మీరు మాట్లాడొద్దన్నరని మొదట్ల ఆగిన మేడం. తర్వాత గొంతే రాలే. అట్టల సూస్తే ఊపిరాడతలేదని చెప్పే బొమ్మ లేదు. అందుకే నీళ్లు సూపెట్టిన.”

ఆ అట్ట గీసింది నేనే. అన్నం, నీళ్లు, బాత్రూం పెట్టాను. థాంక్యూ కూడా పెట్టాను! ముప్పై ఏళ్లుగా మాట లేకుండా బతుకుతున్న నాకే, ఆపదలో చూపించే బొమ్మ ఒకటి ఉండాలని తట్టలేదు. మీ బళ్లో అలాంటి అట్ట ఉంటే ఒకసారి చూసి చెప్పండి: ‘నాకు భయమేస్తోంది’ అనడానికి పిల్లలు అందులో ఎక్కడ వేలు పెట్టాలి?