బుల్లబ్బాయి గారి రెండో తరం

బుల్లబ్బాయి గారికి ఒకటే జబ్బు. ఏ వస్తువు చూపించినా ముందు "ఇది ఎన్నో తరం?" అని అడగాలి. సెల్‌ఫోనైనా అంతే, సీలింగ్ ఫ్యానైనా అంతే. తమ్ముడి కూతురి పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకుని ఎగాదిగా చూసి, "బాబూ, నువ్వు టర్బోవా, మామూలా?" అన్నారట. సంబంధం కుదిరింది గానీ, ఆ అల్లుడు ఈనాటికీ ఆయన ఎదురొస్తే పక్క సందులోకి తప్పుకుంటాడు.

ముప్పై ఏళ్లు బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి. కడియం చుట్టుపక్కల ఎవరు పాత బండి కొనాలన్నా ఆయన్ని వెంటబెట్టుకు వెళ్లాల్సిందే. అలా వెళ్లినవాళ్లలో బండితో తిరిగొచ్చినవాళ్లు మాత్రం తక్కువ.

ఆ సంగతి తెలిసీ చిట్టియ్య ఆయన్నే నమ్ముకున్నాడు. అద్దె బండ్లలో నర్సరీ మొక్కలు తోలి తోలి విసిగిపోయాడు పాపం. ఇన్నాళ్లకి పట్టిసీమ దగ్గర ఓ తోటకి మూడు నెలల తోలకం దొరికింది. సోమవారానికల్లా సొంత పికప్పు ఉండాలి, లేకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. పాతదైనా ఫరవాలేదు, బరువుతో ఏటిగట్టు ఎక్కాలి కాబట్టి ఇంజనుకి ఊపిరి పెంచి బలమిచ్చే టర్బో ఉండాలి.

"వారం ఉందిగా, బోలెడు!" అన్నారు బుల్లబ్బాయి గారు.

మొదటి బండి రాజమండ్రిలో. నిగనిగలాడుతోంది. ఆయన పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నారు.

"మూడో తరం. వద్దు."

"అదేంటండీ! కొత్త రకం, లాగుడెక్కువ అంటున్నారు కదండీ!"

"లాగుద్ది. కానీ లోపల కంప్యూటరుందిరా. దానికి జలుబు చేస్తే మెకానిక్కు చాలడు, లాప్‌టాప్ రావాలి. ఏటిగట్టు మీద లాప్‌టాప్ ఎక్కణ్ణుంచి తెస్తావ్?"

ధవళేశ్వరంలో ఇంకోటి చూశారు. "మొదటి తరం. టర్బో లేదు. ఏనుగంత ఒళ్లు, చీమంత ఊపిరి" అని తేల్చేశారు. మూడోదీ వద్దే, నాలుగోదీ వద్దే. ఐదోది రెండో తరమే గానీ ఇంజను బీటలిచ్చిందట.

శుక్రవారం వచ్చేసరికి చిట్టియ్యకి ఏడుపొక్కటే తక్కువ. "ఆయన బండి చూస్తున్నారా, పిల్లనిచ్చే సంబంధం చూస్తున్నారా?" అని భార్య దగ్గర వాపోయాడు.

"ఆదివారం చర్చిలో ప్రార్థన చేయిస్తాలే" అంది పాపాయమ్మ.

"బండి కోసమా?"

"కాదు, ఆయన నోట 'సరే' అనే మాట కోసం."

శనివారం పాలకొల్లులో చంద్రరావు గారి పెరట్లో ఆరో బండి. రంగు వెలిసిపోయింది. స్టార్టు చెయ్యగానే ఈలవేసి, గుప్పున నల్లపొగ వదిలింది. చంద్రరావు గారు దాచలేదు. "టర్బో పోయిందండి. అందుకే చవగ్గా ఇచ్చేస్తున్నాను."

చిట్టియ్య గేటువైపు నడిచాడు. వెనక స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకున్న బుల్లబ్బాయి గారి మొహం చేటంతైంది.

"రెండో తరం! తీసుకో!"

"టర్బో పోయిందంటున్నారు కదండీ!"

"పోతే పోయింది. టర్బో పట్టే ఇంజను, కంప్యూటరు లేదు, అదీ రెండో తరం గొప్ప. గుండె గుండ్రాయిలా ఉంది. ఊపిరి సంగతి నాకొదిలెయ్."

బండి దగ్గుకుంటూ దగ్గుకుంటూ కడియంలో ఆయనింటికి చేరింది. ఆయన భార్య అచ్చాయమ్మ గారు పరుగున బయటికొచ్చారు. "రెండో తరం దొరికిందా! హమ్మయ్య, ఇవాళ్టికి నా మంచం కింద ఖాళీ అవుద్ది."

లోపల్నుంచి పాత చీరలో చుట్టిన మూట ఒకటి తెచ్చి విప్పారు. తళతళలాడే టర్బో!

"మా పాత బండిది బాబూ. బండిని తుక్కు కింద అమ్మేసినా ఈయన దీన్ని అమ్మనివ్వలేదు. నువ్వు పికప్పు కొంటానన్న రోజే దీన్ని తీసి, బేరింగులు మార్చి, పసిబిడ్డకి పోసినట్టు నీళ్లుపోశారు. ఇది రెండో తరానికే సరిపోద్దంట."

చిట్టియ్యకి కోపం, ప్రేమ ఒక్కసారే ముంచుకొచ్చాయి. "ముందే చెప్పొచ్చు కదండీ! వారం రోజులు నా ప్రాణం తీశారు!"

"చెబితే ఒప్పుకుంటావేంట్రా? 'ఊరికే వద్దండీ' అని మొహమాటపడి ఆ లాప్‌టాప్ బండి కొనేసుందువు."

సోమవారం పొద్దున్న ఆ టర్బో బిగించిన బండి మామిడంట్ల బరువుతో ఏటిగట్టు అవలీలగా ఎక్కేసింది. పక్కసీట్లో బుల్లబ్బాయి గారు కళ్లుమూసుకుని ఇంజను పాట వింటున్నారు. మధ్యాహ్నం గట్టు మీదే పాపాయమ్మ కట్టిచ్చిన క్యారేజీ విప్పారు.

"చేపల పులుసా? ఎన్నో తరం?"

"మా ఆవిడ అమ్మమ్మ దగ్గర్నుంచీ ఇదేనండి. మూడో తరం."

ఆయన చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది.

"కంప్యూటరు లేదండి" అన్నాడు చిట్టియ్య.

"అయితే వడ్డించు."