కుప్పం నుంచి వేళ్ల కొసకు

లడఖ్‌లో మా సైనిక పోస్టుకు నేను చేరింది డెబ్బై ఎనిమిది అక్టోబరులో. పొద్దున ఆరింటికి మైనస్ పన్నెండు. ఒంటిమీద రెండు స్వెట్టర్లు, పైన కోటు, వీపున వైర్‌లెస్ సెట్టు. మదనపల్లెలో కాస్త చల్లగాలి వీస్తేనే మఫ్లరు చుట్టుకునేవాణ్ణి నేను.

వీరగాథ కావాలంటే నా దగ్గర లేదు. పదకొండో రోజు మా లారీ మంచు మీద జారి బండను గుద్దుకుంది. అద్దం పెంకు నా కుడి ముంజేతిలో దిగింది. గాయం మానింది కానీ బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు నావి కాకుండా పోయాయి. సూది గుచ్చినా తెలిసేది కాదు. లారీ నడిపినవాడిది కుప్పం. తొడ ఎముక విరిగి, సైనిక ఆసుపత్రిలో నా పక్క మంచం మీదే పడ్డాడు.

"నరం తెగింది. మధ్యలో ఖాళీ ఉంది," అన్నాడు మేజర్ డాక్టరు. "నీ పిక్కలోంచి ఒక నరం తీసి, ముక్కలు చేసి, మైక్రోస్కోపు కింద అతుకుతాను. కొత్త పద్ధతి. నా చేతిలో నువ్వు మూడోవాడివి."

"మొదటి ఇద్దరికీ ఏమైంది సార్?"

"ఒకడికి వేళ్లు వచ్చాయి."

మాది మదనపల్లెను ఆనుకున్న నీరుగట్టువారిపల్లెలో పట్టు నేసే ఇల్లు. తెగిన పోగులు అతకడం చూస్తూ పెరిగాను. సరే అన్నాను. వేళ్లు రాకపోతే సెట్టుకూ పనికిరాను, మగ్గానికీ పనికిరాను.

అతకడంతో పని అయిపోదు. ఆ అతుకు గుండా నరం కొత్తగా పెరుగుతూ రావాలి, బాగా నడిస్తే రోజుకు ఒక మిల్లీమీటరు. నెలకోసారి డాక్టరు నా కళ్లు మూయించి, చేతిమీద వేలితో తట్టేవాడు. జివ్వుమన్న చోట పెన్నుతో గీత గీసేవాడు. ఆ గీతలకు మా డ్రైవరు పేర్లు పెట్టాడు. కోత పడిన చోటు కుప్పం, మణికట్టు పలమనేరు, అరచెయ్యి పుంగనూరు, వేళ్ల కొసలు మదనపల్లె. మా ఇంటికి పోయే బస్సు దారే అది. రోజూ ఆరింటికి పక్క మంచం నుంచి సిగ్నల్ వచ్చేది.

"హలో హలో, బండి యాడుండాది? ఓవర్."

"పలమనేరు కాడ ఉండాది. ఓవర్."

"ఇంగా పలమనేరేనా? డ్రైవరు టీ తాగతాండాడా యేంది?"

"బండను గుద్దిన డ్రైవరువి నువ్వే గదప్పా!"

ఎదురు మంచం మీది, తెలుగు ముక్క రాని పంజాబీ సుబేదారు కూడా నవ్వేవాడు. డాక్టరుకు మా ఊళ్ల పేర్లు నోటికొచ్చేశాయి.

ఏడో నెలలో బండి పుంగనూరులో ఆగిపోయింది. రెండు నెలలు అదే గీత. మెడికల్ బోర్డు దగ్గరపడుతోంది. వేళ్లు పనిచేయకపోతే ఇంటికి పంపేస్తారు. భయమేసింది. ఆ నెల పరీక్షలో కళ్లు మూసుకుని గట్టిగా చెప్పాను: "మదనపల్లె, సార్!"

"నేనింకా తట్టనేలేదు," అన్నాడు డాక్టరు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన నవ్వి, నెల రోజులు సెలవు రాసిచ్చాడు. డ్రైవరుకూ సెలవు దొరికింది. కుప్పంలో రైలు దిగాక, చేతికర్రతో కుంటుతూ వచ్చి నన్ను బస్సెక్కించాడు.

"మదనపల్లె చేరితే కార్డు రాయప్పా. కుడిచేత్తోనే రాయాల," అన్నాడు. ఎన్ని నవ్వులాటలాడినా ఆ లారీ సంగతి వాడి మనసులో ముల్లులా ఉందని అప్పుడు తెలిసింది.

మా ఇంట్లో మగ్గం దగ్గరికి కాఫీ తేకూడదు. నాయన పెట్టిన ఆ రూలు సైన్యం రూలు కన్నా గట్టిది. సెలవు ముగిసేముందు ఒక పొద్దు నాయన లేత పసుపు పట్టు నేస్తున్నాడు. అమ్మ వంటింటి గడప దగ్గర గ్లాసు అందించింది. కాలినా తెలియదని, తొమ్మిది నెలలుగా వేడి వస్తువేదైనా ఎడమచేత్తోనే పట్టుకునేవాణ్ణి. ఆ రోజు మాటల్లో పడి కుడిచేత్తో అందుకున్నాను. అలాగే మగ్గం వైపు నడిచాను.

"అబ్బా!"

గ్లాసు జారింది. కాఫీ పట్టు మీద చిందింది. మగ్గం చప్పుడు ఆగిపోయింది.

"కాలిందా?" అన్నాడు నాయన.

"కాలింది నాయనా."

"యాడ?"

"ఈడ." చూపుడువేలి కొస చూపించాను.

నాయన మగ్గం గుంటలోంచి లేచి వచ్చి ఆ వేలు పట్టుకున్నాడు. పట్టు వైపు చూడనైనా లేదు. "ఏమే, ఇంగో గ్లాసు తే," అన్నాడు అమ్మతో. "ఇంగోసారి పట్టుకుంటాడు, సూద్దాం!"

ముగ్గురం పడీపడీ నవ్వాం. నాకు ఏడుపు కూడా వచ్చింది. ఆ సాయంత్రమే కోడిగీతలతో కార్డు రాశాను: "బండి చేరింది. ఓవర్."

బోర్డు నన్ను ఉంచుకుంది. పదిహేనేళ్ల సర్వీసు నిండాక, ఎనభై ఎనిమిదిలో పెన్షన్ తీసుకుని ఇంటికొచ్చాను. అమ్మ గడపలో ఎదురొచ్చింది. నాయన అమ్మకానికి పంపకుండా ఇంట్లోనే ఉంచేసిన ఆ లేత పసుపు చీర కట్టుకుంది. మరక లోపలికి మడిచే వీలున్నా మడవలేదు. కొండలు, మంచు చాలావరకు మరిచిపోయాను. కుచ్చిళ్ల మీద ఆ మూడు కాఫీ చుక్కలు మాత్రం ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి.