సర్ గారి ఖాళీ గ్లాసు

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక జోకు. అన్నాను, అందరూ నవ్వారు, వాళ్ళతో పాటు నేనూ నవ్వాను.

సాఫ్ట్‌వేర్ కంపెనీలు పిలిచి మరీ ఉద్యోగాలిస్తున్న రోజులవి. సింగపూర్‌లోని సెంబవాంగ్‌లో ఒక తెలుగువాళ్ళ ఫ్లాట్‌లో గది అద్దెకి తీసుకుని ఉండేవాణ్ణి. ఇంటాయన పుట్టి పెరిగింది ఇక్కడే. షిప్‌యార్డులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. అక్కడ బ్రిటిష్‌వాళ్ళ నేవల్ బేస్ ఉన్న కాలంలో ఆయన తండ్రి ఒక తెల్ల ఆఫీసరు బంగళాలో బట్లరు. ఆ ఆఫీసరుది లండన్‌లో రాజకీయాలు నడిపిన కుటుంబం. వాళ్ళకి తరతరాలుగా ‘సర్’ బిరుదు ఉంది. తండ్రి పోతే పెద్దకొడుక్కి, అతను పోతే అతని పెద్దకొడుక్కి. ఎన్నికల్లో ఓడిపోవచ్చు, మంత్రి పదవి ఊడిపోవచ్చు, అది మాత్రం ఎక్కడికీ పోదు.

“ఆ ఆఫీసరు కొడుకూ నేనూ ఒకే పళ్ళెంలో తిన్నాం తంబీ,” అనేవాడు ఇంటాయన. “మా అమ్మ కలిపి పెట్టేది. అప్పటికింకా వాడికి బిరుదు రాలేదు. నాకూ రాలేదనుకో!”

మనవరాలు వెంటనే తన సింగపూర్ ఇంగ్లీషులో అందుకునేది. “తాతా, డోంట్ బ్లఫ్ లా! సర్ అంట, సేమ్ ప్లేట్ అంట!”

ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు గానీ, తర్వాత లేచి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయేవాడు.

ఆ కొడుకే, ఇప్పటి సర్, మా క్లయింటు కంపెనీ డైరెక్టరుగా సింగపూర్ వస్తున్నాడని ఆఫీసులో తెలిసింది. ఇంటాయనకి చెప్పాను. ఆ పూట ఆయన అన్నం కెలికి వదిలేశాడు.

“ఒక్క ఫొటో తంబీ. పక్కన నిలబడితే చాలు. పిల్లకి చూపిస్తాను.”

సర్ కోసం మా కంపెనీ హోటల్లో ఇచ్చిన విందుకి ఆయన్ని నా అతిథిగా తీసుకెళ్ళాను. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు వేసుకుని వచ్చాడు.

ముందు నేను వెళ్ళి సర్‌కి పరిచయం చేసుకున్నాను. మా ఇంట్లో ఒక అలవాటుంది. మా ముత్తాతకి తెల్లవాళ్ళు రావు బహదూర్ ఇచ్చారు. ఆయనతోనే పోవాల్సిన బిరుదు, మేం పోనివ్వలేదు. శుభలేఖల మీద ఇప్పటికీ అచ్చేయిస్తాం. కొత్తవాళ్ళెవరు కలిసినా రెండో మాటలోనే చెప్పేస్తాం. సర్‌కీ చెప్పాను.

“అది మీదాకా వచ్చిందా?” అని మర్యాదగానే అడిగాడు.

“లేదు సర్. ఆయన ఒక్కరికే.”

“అయ్యో పాపం,” అన్నాడు. పక్కనే ఉన్న మా మేనేజరు ముసిముసిగా నవ్వాడు. నా మొహం వేడెక్కింది. సరిగ్గా అప్పుడే ఇంటాయన జుట్టు సవరించుకుంటూ ముందుకొచ్చి చెయ్యి చాపాడు.

“ఈయనది మాత్రం వంశపారంపర్యం సర్,” అన్నాను. “వాళ్ళ నాన్న మీ నాన్నగారి బట్లరు. ఆ బిరుదు ఈయనకొచ్చింది!”

అందరూ పగలబడి నవ్వారు. సర్ కూడా నవ్వుతూ, ఇంకెవరో పిలిస్తే అటు తిరుగుతూ, తన ఖాళీ గ్లాసుని చాపి ఉన్న ఆ చేతిలో పెట్టాడు. ఇంటాయన దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కెమెరా నా మెడలోనే ఉంది.

ఇంటికొచ్చాక మనవరాలితో, “చెయ్యి కలిపాడు,” అన్నాడు.

“ఫొటో వేర్?”

“కెమెరా పాడైంది.”

“యా లా. కెమెరా స్పాయిల్,” అని వెక్కిరించింది.

నేను కెమెరా తీసి సంచిలో పెట్టేశాను. నిజం చెప్పకుండా నన్ను కూడా కాపాడుతున్నాడులే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే హోటల్‌కి వెళ్ళాను. సర్ కారు కోసం చూస్తున్నాడు. జరిగింది చెప్పాను.

“ఆయన వెయిటరు కాడా? మీరంతా నవ్వుతుంటే హోటలు మనిషి మీద జోకేమో అనుకున్నాను.” మొహం ఎర్రబడింది. “కానీ ఆ రోజులు నాకేమీ గుర్తులేవు. చాలా చిన్నప్పుడే ఇంగ్లండు పంపించేశారు.”

గుర్తున్నట్టు చెప్పమని అడగలేదు. ఇంటాయనతో రెండు మాటలు మాట్లాడమని, ఇంటికి ఫోను కలిపి సర్ చేతికిచ్చాను. మనవరాలు ఎత్తింది.

“లేదమ్మా, నేనేమీ అమ్మడానికి చెయ్యలేదు,” అన్నాడు సర్. తర్వాత, తనెవరో చెప్పి, “మీ తాతగారు మా బంగళాలో పెరిగారట, ఆయన మాట నిజం,” అన్నాడు. నాకు ఊపిరి ఆడింది. అక్కడితో ఆపితే బాగుండేది. నిజాయితీ గల మనిషి. “నిన్న ఆయన్ని వెయిటరనుకుని నా గ్లాసు చేతికిచ్చాను. క్షమించమన్నానని చెప్పు.”

ఇంటాయన దాచుకున్న అవమానం కాస్తా నా మూలంగానే ఆ పిల్ల చెవిన పడింది.

నేను ఇంటికెళ్ళేసరికి ఆయన కిటికీ దగ్గర బట్టలారేసే వెదురుకర్ర పట్టుకుని, అటు తిరిగి నిలబడి ఉన్నాడు. పిల్ల సోఫాలో కూర్చుని ఆయన వీపు వైపే చూస్తోంది.

“తాత షేక్‌హ్యాండ్ కోసమే చెయ్యి చాపాడు,” అన్నాను పిల్లతో. “అందులో గ్లాసు పెట్టించింది నేను.” నా జోకు అన్నదన్నట్టే చెప్పాను. పిల్ల నవ్వలేదు.

“వై యు సే లైక్ దట్, అంకుల్?”

“నాకు లేని బిరుదు గురించి అడిగితే సిగ్గేసింది. తాతని తక్కువ చేస్తే నా తక్కువతనం కనపడదనుకున్నాను.”

“అయిందా తంబీ?” అన్నాడు ఇంటాయన వెనక్కి తిరక్కుండానే. “నెలాఖరుకి గది ఖాళీ చెయ్యి.”

చేస్తానన్నాను.

సోమవారం ఆఫీసులో, ఆ సాయంత్రం నవ్విన వాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి, ఆ జోకు నా తప్పని చెప్పాను. మా మేనేజరు కంప్యూటర్ మీంచి కళ్ళు తిప్పకుండా, “ఏ జోకు?” అన్నాడు. మళ్ళీ చెప్పాల్సొచ్చింది. ఈసారీ నవ్వాడు. ఆ నవ్వు ఆగేదాకా అక్కడే నిలబడి, ఇంటాయనెవరో మొదట్నుంచీ చెప్పాను.