ఆయుధం చేసినవాడి తరఫున

నా స్నేహితురాలు సోమవారంలోగా బదులివ్వాలి. డ్రోన్ల నుంచి జారవిడిచే బాంబులకు పేలుడు యంత్రాంగం రూపొందించే ఉద్యోగం అది. వద్దని ఎన్నిసార్లు వాదించినా ఆమె తేల్చుకోలేదు. అందుకే ఆదివారం మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్‌లో, ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో వేస్తున్న డాక్యుమెంటరీకి తీసుకెళ్ళాను.

ఒక కొత్త రకం మందుపాతరను కనిపెట్టిన విదేశీ ఇంజనీరు గురించిన ప్రయోగాత్మక చిత్రం అది. ఆయన ముఖం ఒక్కసారీ చూపలేదు. చేతులే. అవి నారింజ తొనలు ఒలుస్తాయి, మనవరాలి జడ అల్లుతాయి. ఆ దృశ్యాలన్నిటి కిందా ఆగకుండా చంకకర్రల చప్పుడు. తెర లేదు గనుక వైట్‌బోర్డు మీదే వేశారు; సరిగా తుడవని రసాయన సమీకరణాలు ఆ వేళ్ళ మీద మరకల్లా కనిపించాయి.

ఆమె హయత్‌నగర్ బస్సు ఎక్కాలి. మాట్లాడుకోవడానికని ఎల్బీ నగర్ దాకా నడిచాం.

"గా ముసలాయన చేతులు మా తాత చేతుల్లెక్కనే ఉన్నయే," అంది. "జర భయమైతుంది."

అక్కడితో నేను ఊరుకోవలసింది. కానీ కాలేజీ డిబేట్ జట్టులో మాకొక పద్ధతి ఉండేది: తీర్మానాన్ని ఎవరు గట్టిగా నమ్ముతారో వారే ఎదుటి పక్షం మాట్లాడాలి. ఆ పరీక్షకు నిలిచిందే నమ్మకం. అదే ఆమెకు గుర్తుచేశాను.

"నేను ఒద్దని చెప్తా. నువ్వు ఆయన తరఫున మాట్లాడు," అంది. "ఊకె మాట్లాడినట్టు చేస్తే కొడ్త."

మాట్లాడాను. కత్తి చేసిన కమ్మరిని ఎవరూ హంతకుడనరన్నాను. సరిహద్దులో కాపలా కాసేవాడిదీ ప్రాణమేనన్నాను. నువ్వు తప్పుకున్నంత మాత్రాన ఆ కుర్చీ ఖాళీగా ఉండదు, నీకున్న సందేహాలేవీ లేనివాడు వచ్చి కూర్చుంటాడన్నాను. కొత్తపేట దాటేసరికి వాక్యాలు వాటంతటవే కుదురుతున్నాయి. ఆమె రెండు మూడు సార్లు అడ్డుచెప్పింది.

"గా కుర్చీ మాటకు నా దగ్గర జవాబు లేదే," అంది, బస్సుల రద్దీలో నిలబడి.

"అది ఆటే! నేను నమ్మేది అది కాదని నీకు తెలుసుగా. ఇప్పుడు నా పక్షం విను."

"గదే గద రోజు చెప్తున్నవ్? ఇయ్యాల చెప్పినంత మంచిగ ఎన్నడు చెప్పలే." నవ్వి బస్సెక్కింది.

సోమవారం ఉద్యోగానికి ఒప్పుకుంది. కొన్ని నెలల తర్వాత కలిసినప్పుడు, ఆ సందేహాలు ఏమయ్యాయని అడిగాను.

"పనిల పడ్డంక యాదికి రావే," అంది, ఎంతో మామూలుగా.