కాటా గుమాస్తా రాసిన కంప్యూటర్ కట్టుబాట్లు

ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మండవల్లిలోని మా చేపల రైతుల సంఘానికి కంప్యూటర్ అంటే చెప్పులు విడిచి చూడవలసిన వస్తువు. నలభై దాటినా దాని ముందు నాది పాలబుగ్గల ప్రాయమే. ఏడో తరగతితో బడి మానేసి చేపల కాటా దగ్గర కూర్చున్నవాణ్ణి, ఏలూరులో కొన్న అట్టలేని పాత పుస్తకంతో కంప్యూటర్ సొంతంగా నేర్చుకున్నాను. (డిగ్రీలు చదివినవాళ్లు ఇప్పటికీ నమ్మరు. నమ్మకపోతే పోనివ్వండి!)

సరిగ్గా అప్పుడే పక్క ఊరి సంఘం మెయిల్లోకి ఎవరో దూరి లారీల వేళలు మార్చేశారు. పట్టిన చేపలన్నీ గట్టు మీదే కుళ్లాయి. మా ప్రెసిడెంటుగారు హడలిపోయి, "మన ఆఫీసుకీ ఏదో ఒక కట్టుదిట్టం ఉండాలండీ, ఎవరు రాస్తారు?" అన్నారు. నాకంటే ముందు నా చెయ్యి లేచింది. మా అకౌంటెంటు (వెనకాల 'డిగ్రీగారు' అనేవాళ్లం) నవ్వి, "కాటా చూసుకునేవారికి ఇవన్నీ ఎందుకండీ?" అన్నారు. ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే పాత క్యాలెండరు వెనక రాసి ఆఫీసు గోడకి అంటించేశాను: మన దగ్గర ఏమేం మెషిన్లున్నాయో రాసిపెట్టుకోవాలి, ప్రతి శనివారం ఫైళ్లన్నీ సీడీలోకెక్కించి ప్రెసిడెంటుగారింట్లో దాచాలి, తేడా వస్తే ముందు ఎవరికి ఫోను చెయ్యాలో గోడ మీద ఉండాలి, పాస్‌వర్డ్ కన్నతల్లి అడిగినా చెప్పకూడదు. "వారం చూద్దామండీ. మీ రూళ్లు నిలబడితే కంప్యూటర్ కుర్చీ మీది, లేదంటే మళ్లీ కాటాయే" అన్నారు ప్రెసిడెంటుగారు. నా కాళ్లు నేల మీద ఆనలేదు.

నాలుగో రోజు ఫోను. "బాబాయిగారూ, బాగున్నారాండీ? తాడేపల్లిగూడెం నుంచండీ, చేపలు కొనే షావుకారుగారి అమ్మాయినండీ. ఎవరూ నేర్పకుండానే కంప్యూటర్ నేర్చేసుకున్నారటగా! మా నాన్నగారు రోజూ మీ మాటేనండీ." అయ్యా, నా జన్మలో ఆ మాటన్న మొదటి మనిషి! భోజనమైందా అంది. పిన్నిగారి మోకాలినొప్పి తగ్గిందా అంది. (ఎవరింట్లో ఉండదు?) ఇన్ని అడిగిన పిల్ల చివర్లో, "మీరు పంపిన మెయిలు తెరుచుకోవట్లేదండీ, పాస్‌వర్డ్ ఒక్కసారి చెబుదురూ" అంటే కాదని ఎలా అంటాం? మా వైపు మర్యాదేనా అది? అక్షరం అక్షరం చెప్పి, "రాసుకున్నావా అమ్మా? ఓసారి చదివి వినిపించు" అని కూడా అన్నాను.

సాయంత్రం ప్రెసిడెంటుగారు చీటీ పట్టుకొచ్చారు. అందులో మా పాస్‌వర్డ్! రూళ్లు నిలబడతాయో లేదో చూడ్డానికి ఆయనే తన పెద్దమ్మాయి చేత మా అందరికీ విడివిడిగా ఫోను చేయించారట. డిగ్రీగారు పడీ పడీ నవ్వబోయి, తానూ చెప్పేసిన సంగతి బయటపడేసరికి నోరు మూసుకున్నారు. చెప్పనిది ఒక్కరే, పొద్దున్నే ఆఫీసు తెరిచి, పాస్‌వర్డ్ కొట్టి కంప్యూటర్ వేసి, అందరికీ టీ పెట్టిచ్చే మా టీ అక్క. "దాందేముందండి, చెప్తానండి! ఓసారి ఇటొచ్చి మొహం చూపించండి, టీ ఇచ్చి మరీ చెప్తాను" అందట.

నేను తల దించుకుని కాటా వైపు నడుస్తుంటే ఆవిడే అడ్డం పడింది. "ఆ రూలు రాసింది ఈయనేగదండి ప్రెసిడెంటుగారూ! ఈయన రాసి గోడకి అంటించబట్టేగా నేను చెప్పలేదు!"

ప్రెసిడెంటుగారు గడ్డం గోక్కుని తీర్పిచ్చారు: కుర్చీ నాకు, కొత్త పాస్‌వర్డ్ ఆవిడకు. ఆ తర్వాత ఏళ్ల తరబడి, ఆవిడ ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుని కొట్టేదాకా, "అటు తిరగండి గుమాస్తాగారూ" అంటే గోడకేసి తిరిగి, చేతులు కట్టుకుని, నేను రాసిన కాగితాన్నే చదువుకుంటూ నిలబడేవాణ్ణి. తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, అంత గర్వంగా గోడను చూసిన మనిషి కొల్లేటి ఒడ్డున ఇంకొకడు ఉండడేమో.